ఇంటి చదువులో ఇష్టమైన పాఠాలకు చోటెంత?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయికి వచ్చే శ్రావణ మాసానికి 14 ఏళ్లు నిండుతాయి. ఆరో తరగతి పూర్తయిన తరువాత బడి మాన్పించి, రెండేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాము. నేను బీఎస్సీ చదివాను. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఉంది. మా మామగారు ప్రత్తిపాడు దగ్గర మిరప, పత్తి సాగు చేస్తారు. అమ్మాయికి బొమ్మలు వేయడమన్నా, తాతగారి చేలో పురుగులను వెతికి చూడటమన్నా ప్రాణం. లెక్కలంటే మాత్రం కంట నీరు పెట్టుకుంటుంది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు కూడా తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతోంది. ఆమె పంపిన నాలుగేళ్ల ప్రణాళికలో మొత్తం 24 క్రెడిట్లు (ఒక విషయాన్ని ఏడాది చదివితే ఒక క్రెడిట్), వాటిలో ఆరు ఎలెక్టివ్‌లు (ఐచ్ఛికాంశాలు) ఉన్నాయి. అది చూసి నేనూ ఫ్రెంచి, కోడింగ్, వీణ, చదరంగం, చిత్రలేఖనం, వంట అని ఆరు రాసుకున్నాను. ఇది సరైన పద్ధతేనా? పదో తరగతి, ఇంటర్ పరీక్షల మాటేమిటి? ఈ నాలుగేళ్లలో ఏమేమి, ఎంతెంత నేర్పాలో చెప్పగలరు.
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మీ అమ్మాయి చేతికి రావలసిన సర్టిఫికెట్ ఒకటి, ఆమె నేర్చుకోవలసిన చదువు మరొకటి. అమెరికాలో ఈ రెండూ ఒకే పట్టికలో ఇమిడిపోతాయి కాబట్టి మీ చెల్లెలుగారి ప్రణాళిక అంత నిండుగా కనిపిస్తున్నది. ఆమె ఉంటున్న టెక్సస్ రాష్ట్రంలో ఇంటి చదువును ప్రైవేటు పాఠశాలతో సమానంగా పరిగణిస్తారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ఖాయం చేసింది. అందువల్ల అక్కడ తల్లిదండ్రులే పాఠాలు నిర్ణయించి, క్రెడిట్లు లెక్కగట్టి, చివరికి పట్టా కూడా తామే రాసి ఇవ్వగలరు. ఆ పట్టాను, దానితో పాటు పెట్టిన పాఠాల పట్టికను చూసి కళాశాలలు ప్రవేశం ఇస్తాయి. మన దగ్గర తల్లి రాసి ఇచ్చిన పట్టా ఏ కళాశాలలోనూ చెల్లదు. గుర్తింపు ఉన్న బోర్డు పరీక్ష రాసి తీరవలసిందే. కాబట్టి ఆ ప్రణాళికను ఉన్నదున్నట్టుగా దించుకోవద్దు. అందులో మనకు పనికివచ్చేది గంటల లెక్క ఒక్కటే. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకుందాము. బడికి వెళ్లని పిల్లలకు మన రాష్ట్రంలో రెండు దారులున్నాయి. ఒకటి 1991లో మొదలైన మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం. ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ అని మన ఊళ్లలో అందరూ అనేది దీని పరీక్షలనే. రెండవది 1989లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. మీ అమ్మాయి అభిరుచులను బట్టి చూస్తే నేను రెండవ దానివైపే మొగ్గుతాను. పదో తరగతి స్థాయిలో తెలుగు, ఆంగ్లం, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రాలతో పాటు చిత్రలేఖనం, గృహవిజ్ఞానం, మనస్తత్వశాస్త్రం, అకౌంటెన్సీ, భారతీయ సంస్కృతి, కర్ణాటక సంగీతం వంటివి కూడా అక్కడ పరీక్షాంశాలుగా ఉన్నాయి. కనీసం ఐదు విషయాలు తీసుకోవాలి, కావాలనుకుంటే మరో రెండు కలుపుకోవచ్చు. పదో తరగతిని తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. చేరడానికి 14 ఏళ్లు నిండి ఉండాలి. అంటే మీ అమ్మాయికి సరిగ్గా ఇప్పుడే ఆ వయసు వస్తున్నది.

ఈ సంస్థలో నాకు అన్నింటికన్నా నచ్చేది పరీక్షలను విడగొట్టి రాసుకునే వెసులుబాటు. ఒకసారి నమోదైతే అది ఐదేళ్లపాటు చెల్లుతుంది. ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, అక్టోబరు–నవంబరు నెలల్లో ఒకసారి చొప్పున ఏటా రెండు విడతలు జరుగుతాయి. మొత్తం మీద తొమ్మిది అవకాశాలుంటాయి. పాసైన విషయాల మార్కులు అలాగే నిలిచి ఉంటాయి, మిగిలినవి తరువాతి విడతలో రాసుకోవచ్చు. బడిలో ఐదారు విషయాలనూ ఒకే పక్షంలో రాయించే ఒత్తిడి చూసి చూసి, ఇంటి చదువు చెప్పే తల్లులు కూడా తెలియకుండానే అదే పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకుంటున్నారు. మీరు ఆ పని చేయవద్దు. మొదటి విడతలో తెలుగు, సాంఘిక శాస్త్రం, రెండవ విడతలో ఆంగ్లం, చిత్రలేఖనం, మూడవ విడతలో సైన్సు, అన్నింటికన్నా చివర గణితం రాయించండి. ఇలా చేస్తే ఒక్కో విడతకు ముందు రెండు నెలలు మాత్రమే పరీక్ష చదువుకు పోతాయి, తక్కిన కాలమంతా అసలు చదువుకు మిగులుతుంది. అసైన్‌మెంట్లకు 20 శాతం విలువ ఉన్నది కాబట్టి వాటిని గడువులోగా, ఆమె సొంత మాటలలో రాయించి పంపండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. పదో తరగతి పాసైన తరువాత రెండేళ్ల ఎడం లేకుండా పన్నెండో తరగతి సర్టిఫికెట్ చేతికి రాదు. పదో తరగతిని 16 ఏళ్లు నిండేలోగా ముగిస్తే, 18 ఏళ్లకు ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ చేతికి వస్తుంది. కాబట్టి గణితాన్ని చివర పెట్టమన్నాను గాని, ఎప్పటికో వాయిదా వేయమనలేదు. ఐదు విషయాలలో గణితం లేకుండా కూడా ఆ సంస్థలో పదో తరగతి పాసు కావచ్చు. కంట నీరు పెట్టుకుంటున్న పిల్లను చూసి మీకు ఆ దారి తీయగా కనిపించవచ్చు. అయినా వద్దనే చెబుతాను. పద్నాలుగేళ్ల పిల్ల ఈనాడు ఏడ్చిందని పదిహేడేళ్ల పిల్లకు తెరుచుకోవలసిన తలుపులను మనం ముందే మూసేయకూడదు. పురుగులను ఇష్టపడే పిల్ల రేపు వ్యవసాయ శాస్త్రమో, జీవశాస్త్రమో చదవాలనుకుంటే పదో తరగతి లెక్కలు ఆమెకు తప్పనిసరిగా కావాలి.

ఇక మీరు రాసుకున్న ఆరు ఐచ్ఛికాంశాల దగ్గరకు వద్దాము. ఆరూ మంచివే, కాని ఆరూ మీరు రాసుకున్నవి. ఆమె వెతుక్కుంటూ పోతున్న పురుగులు మీ పట్టికలో ఎక్కడా కనిపించలేదు. ఆమె కోరినవాటిలో మీ పట్టికకు ఎక్కింది చిత్రలేఖనం ఒక్కటే. ఈ శీర్షికకు ఇంటి చదువు గురించి వచ్చే ఉత్తరాలలో నేను తరచుగా చూసే లోపం ఇదే. అసలు పాఠాలను బోర్డు నిర్ణయిస్తుంది, ఐచ్ఛికాంశాలను తల్లి నిర్ణయిస్తుంది, పిల్ల నిర్ణయించేది ఏమీ మిగలదు. పేరులోనే ఇచ్ఛ ఉన్న పాఠాన్ని పిల్ల ఇచ్ఛకు వదిలిపెట్టకపోతే, అది వారానికి మరో రెండు గంటల ట్యూషన్ అవుతుంది. మీ ఆరింటిలో చిత్రలేఖనాన్ని ఉంచి, మిగిలిన ఐదింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దానికి పురుగుల అధ్యయనాన్ని జత చేయండి. నాలుగేళ్లకూ కలిపి ఈ రెండు చాలు. మధ్యలో ఒకదాని మీద మనసు మారితే మార్చుకోనివ్వండి, కాని ఒక ఏడాది పూర్తయ్యేదాకా పట్టినదాన్ని విడవకూడదని ముందే మాట తీసుకోండి. వంటను పాఠమని రాసుకోకండి. అది ఇంట్లో ఆమె వంతు పని.

ఇప్పుడు గంటల సంగతి. అమెరికాలో క్రెడిట్ లెక్కకు మూలమైన కార్నెగీ యూనిట్ ప్రకారం ఒక విషయానికి ఏడాదికి 120 గంటలు. రోజుకు 40 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు, 36 వారాలు చదివితే సరిగ్గా 120 గంటలవుతుంది. ఈ కొలత మనకు బాగా పనికివస్తుంది. ఒక ఐచ్ఛికాంశానికి 120 గంటలు నిజంగా ఇచ్చామా లేదా అని ఏడాది చివర చూసుకుంటే, సరదాగా తాకి వదిలేసిన వ్యాపకానికీ, పాఠమని చెప్పుకోదగినదానికీ తేడా తెలిసిపోతుంది. రోజూ 40 నిమిషాలే కూర్చోవాలని కాదు. ప్రత్తిపాడు వెళ్లిన శనివారం నాడు నాలుగు గంటలు చేలోనే గడిచిపోవచ్చు. తేదీ వేసి, గంటలు రాసి పెట్టుకోవడం మాత్రం మానకండి.

పురుగుల అధ్యయనం గురించి కొంచెం విడమరచి చెప్పాలని ఉంది. మీ ఇంటికి ఇంత దగ్గరలో ఇంత మంచి ప్రయోగశాల ఉండగా మీ ఉత్తరంలో దానికి ఒక్క వాక్యమే దక్కింది. మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు పని, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి పని అని మీ మామగారికి తెలుసు. పైముడత, కింది ముడత అని రైతులు పెట్టుకున్న ఆ పేర్లే మీ అమ్మాయికి మొదటి పాఠం. 2021లో మన ప్రాంతపు మిరప తోటలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు ఆకులకన్నా ఎక్కువగా పువ్వులలో చేరి, పూతను రాల్చింది. ఆ ఏడాది మీ మామగారి చేలో ఏం జరిగిందో, ఎన్నిసార్లు మందు కొట్టారో, ఎంత దిగుబడి వచ్చిందో ఆయనను అడిగి, ఆయన మాటలలోనే నాలుగు పేజీలు రాయమనండి. తెలుగు వ్యాసరచనకు ఇంతకన్నా మంచి అంశం నాకు తోచడం లేదు.

తరువాత లెక్కింపు మొదలుపెట్టించండి. మిరప పూత మీద ఉండే రోజులలో, అంటే సుమారుగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వారానికి ఒకసారి చేనులో అక్కడక్కడ పది మొక్కలను ఎంచుకోవాలి. మొక్కకు ఐదు పువ్వుల చొప్పున తెల్ల కాగితం మీద మెల్లగా తట్టి, రాలిన పురుగులను భూతద్దంతో లెక్కపెట్టాలి. పురుగు పొడవు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి కళ్లకు ఓపిక కావాలి. పది మొక్కలూ గట్టు పక్కనే ఎంచుకుంటే లెక్క ఎందుకు తప్పుతుందో, సగటు ఎంత వచ్చిందో, ఒక మొక్క మీద మాత్రమే విపరీతంగా ఉంటే సగటు మనను ఎలా మోసం చేస్తుందో ఆమెకు ఆమే కనుక్కుంటుంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టిన వైపు, పెట్టని వైపు అంకెలు వేరుగా ఉన్నాయో లేదో గ్రాఫు గీసి చూస్తుంది. గణాంకశాస్త్రంలోని మొదటి అధ్యాయాలు ఇవే. లెక్కల పుస్తకం ముందు ఏడ్చే పిల్ల తన పురుగుల లెక్క దగ్గర ఏడవదని నా నమ్మకం. నమ్మకమే కాదు, పాఠం చెప్పిన రోజులలో ఇటువంటి పిల్లలను చూశాను కూడా.

ఈ పాఠానికి ఇంటి బయట ఒక గురువు ఉండాలి. మీరు బీఎస్సీ చదివారు, చెప్పగలరు, కాని కన్నతల్లే అన్ని పాఠాలకూ గురువైతే ఇద్దరూ అలసిపోతారు. గుంటూరు శివారులోని లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని పరిశోధన స్థానం ఉన్నాయి. మిరప మీద దశాబ్దాలుగా అక్కడ పని జరుగుతున్నది. ఒక పంటకాలమంతా తేదీలతో సహా రాసుకున్న పురుగుల పుస్తకం పట్టుకుని, మామగారిని వెంటబెట్టుకుని మీ అమ్మాయి అక్కడికి వెళితే, కీటక శాస్త్రవేత్తలు ఆమెతో మాట్లాడకుండా పంపరు. ఊరికే వెళ్లి నాకు పాఠం చెప్పండి అనడం వేరు, నా లెక్కలో ఇక్కడ ఎందుకు ఇలా వచ్చింది అని అడగడం వేరు. అందుకే మొదటి ఏడాది కాకుండా రెండవ ఏడాది వెళ్లమంటాను.

చిత్రలేఖనం విషయంలో మీకొక నిర్ణయం ఉంది. దానిని పరీక్షాంశంగా పెట్టుకుంటే మార్కులలో పెద్ద భాగం చేతిపనికే ఉంటుంది, కొంత భారతీయ చిత్రకళా చరిత్ర చదవాలి. పెట్టుకోకపోతే ఏ నిబంధనా లేని స్వేచ్ఛ ఉంటుంది. రెండు ఐచ్ఛికాంశాలలో ఒకటి బోర్డు పట్టికలోనూ, ఒకటి పూర్తిగా దాని బయటా ఉండటం మంచిదని నా అభిప్రాయం. చిత్రలేఖనాన్ని పరీక్షకు కట్టండి, పురుగులను మాత్రం ఏ పరీక్షకూ కట్టవద్దు. చిత్రలేఖనం నేర్పడానికి ఒక మంచి డ్రాయింగు మాస్టారిని చూసుకోండి. నెలకొకసారి ఆమెను అమరావతి తీసుకువెళ్లండి. గుంటూరు నుంచి బస్సులో గంటకు కొంచెం పైన పడుతుంది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ చూసిన నాటికే శిథిలమై ఉన్న అక్కడి బౌద్ధ స్తూపపు శిల్పాలు కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో కొన్ని అక్కడి పురావస్తు మ్యూజియంలోనే ఉన్నాయి. పాలరాయి అని అందరూ అనే ఆ రాయి నిజానికి పలనాటి సున్నపురాయి. ఆ తామరపూల పలకలలో ఒకదాన్ని ఎంచుకుని పెన్సిలుతో మూడు గంటలు కూర్చుని గీస్తే, రేకుల మధ్య కోణాలను శిల్పి ఎలా పంచాడన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. వృత్తాన్ని ఎనిమిది భాగాలుగా, పదహారు భాగాలుగా చేసే జ్యామితి అక్కడ ఆమెకు అవసరమవుతుంది. సాంఘిక శాస్త్రంలో శాతవాహనుల పాఠాన్ని కూడా ఆ మెట్ల మీదనే కూర్చుని చదివించవచ్చు.

లెక్కలకు మరొక సాయం మీ ఇంట్లోనే ఉంది. మీ వారు రైతుకు ఇచ్చే తక్‌పట్టీని, అంటే అమ్మకపు లెక్క చీటీని, వారానికి ఒకటి ఇంటికి తెమ్మనండి. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటాలో ఎంత తూగింది, క్వింటా ధర ఎంత, హమాలీ, కమీషన్ పోను రైతు చేతికి ఎంత వచ్చింది అన్నది ఆమె లెక్కగట్టి, ఆయన లెక్కతో సరిచూసుకోవాలి. శీతల గిడ్డంగిలో ఆరు నెలలు దాచి అమ్మితే అద్దె, వడ్డీ పోను లాభమా నష్టమా అన్నది నిజమైన ప్రశ్న, మీ వారు రోజూ ఎదుర్కొనే ప్రశ్న. శాతాలు, వడ్డీ, నిష్పత్తి మొత్తం ఇందులోనే వచ్చేస్తాయి. బీజగణితానికి మాత్రం ఇవేవీ సరిపోవు. దానికి రోజూ ఉదయం ముప్పావు గంట పుస్తకంతో కూర్చోక తప్పదు, మీకు చెప్పే ఓపిక లేకపోతే పక్క వీధిలో ఒక ట్యూషన్ మాస్టారిని పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

సైన్సు ప్రయోగాలకు మీరు నమోదైన అధ్యయన కేంద్రాన్నే అడగాలి. ఇంట్లో చేయదగినవి చేయండి, ఆమ్లాలతో పనిని కేంద్రానికే వదిలిపెట్టండి. హిందీకి దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు చక్కని మార్గం. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అని మెట్టు మెట్టుగా ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో రాయవచ్చు, బడి పేరు అవసరం లేదు. పైగా హిందీ పండితుల ఇంట్లో సాయంత్రం పదిమంది పిల్లలు చేరతారు. రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్న మీ అమ్మాయికి ఆ పదిమంది తోడు చాలా అవసరం. ఆటకు కూడా రోజూ ఒక గంట ఉండాలి, అది మీరు పెట్టవలసిన పాఠం కాదు, మీరు వదలవలసిన సమయం.

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాము. మా అబ్బాయికి 15 ఏళ్లు. కరోనా కాలం నుంచి ఇంట్లోనే చదువు. వాడికి కంప్యూటర్ తప్ప మరొకటి పట్టదు. ఎలెక్టివ్‌లన్నీ కోడింగే పెట్టుకుంటానంటున్నాడు. అన్నిటిలోనూ ప్రవేశం ఉండాలని వాడి తల్లి అంటుంది. ఎవరి మాట వినాలి?
— ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కంప్యూటర్ మీద అంత ఇష్టం ఉన్న పిల్లవాడిని అక్కడి నుంచి లాగి వీణ ముందు కూర్చోబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. అయితే కోడింగ్ ఒక పనిముట్టు. దానితో ఏ పని చేయాలో బయటి లోకమే చెప్పాలి. అందువల్ల ఐచ్ఛికాంశం పేరు కోడింగ్ అని కాకుండా, అతడు ఆ పనిముట్టుతో తవ్వబోయే విషయం పేరు పెట్టండి.

మీ ఇంటికి కొద్ది దూరంలోనే ప్రకాశం బ్యారేజీ ఉంది. ఎగువ నుంచి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో, దిగువకు ఎన్ని వదిలారో వరద రోజులలో పత్రికలన్నీ రాస్తాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ అంకె ఎలా వచ్చిందో ముందు కాగితం మీద చేసి చూపమనండి. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే వేగంతో ఒక రోజంతా పారితే దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీలో నిలవగలిగేది మూడు టీఎంసీలకు కొంచెం పైన మాత్రమే. ఆ రోజులలోనే బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీరు ఎందుకు వచ్చింది, అది కృష్ణ నీరా, వేరే నీరా అన్నది మీ అబ్బాయి వెతికి రాయవలసిన ప్రశ్న. దీనికి ప్రోగ్రాము రాయాలి, పటం చదవాలి, సింగ్‌నగర్ వెళ్లి నలుగురు పెద్దవాళ్లతో మాట్లాడాలి, 1855లో కట్టిన పాత ఆనకట్ట దగ్గర నుంచి చరిత్ర తెలుసుకోవాలి, చివరకు అంతా తెలుగులో రాయాలి. తల్లి కోరిన ప్రవేశం ఇందులో ఉంది, కొడుకు కోరిన కంప్యూటరూ ఉంది.

రెండవ ఐచ్ఛికాంశం మాత్రం తెర లేనిది, చేతులతో చేసేది ఉండాలని పట్టుబడతాను. కొండపల్లి వెళ్లి తెల్లపొణికి కర్రతో బొమ్మ ఎలా చెక్కుతారో చూసి రమ్మనండి. అది నచ్చకపోతే వడ్రంగం, అదీ కాకపోతే సైకిలు రిపేరు. పదిహేనేళ్ల కుర్రవాడి చేతికి ఒక పని తెలియడం అతని చదువులో భాగమని నేను గట్టిగా నమ్ముతాను. పుస్తకాలకు ఠాగూర్ స్మారక గ్రంథాలయం ఉండనే ఉంది. వారంలో ఒక సాయంత్రం అక్కడ గడపనివ్వండి.

ప్రశ్న: మాది తెనాలి. మా మనవరాలిని ఇంట్లోనే చదివిస్తున్నారు. ఇది చట్టవిరుద్ధమని ఒకరంటారు, రేపు ఇంజనీరింగు సీటుకు లోకల్ కాదు పొమ్మంటారని మరొకరంటారు. ఓపెన్ సర్టిఫికెట్‌కు విలువ లేదని ఇంకొకరు. నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక తాతగారు, తెనాలి

సమాధానం: అయ్యా, ఒక్కొక్కటిగా చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఇంటి చదువుకు అనుమతి ఉన్నదని గాని, నిషేధం ఉన్నదని గాని ఆ చట్టంలో ఎక్కడా నేరుగా రాయలేదు. 14 దాటిన పిల్లకు ఆ చట్టం వర్తించదు, సార్వత్రిక విద్యాపీఠంలో నమోదు కావడం పూర్తిగా చట్టబద్ధమైన మార్గం.

సర్టిఫికెట్ విలువ గురించి చెప్పేవారు పాత మాటలు చెబుతున్నారు. జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతిని ఐదు విషయాలతో పాసైనవారు అర్హులే. నీట్ రాయడానికి ఓపెన్ స్కూలు విద్యార్థులు పనికిరారన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అయినా ఏ పరీక్షకైనా ఆ ఏటి సమాచార పత్రాన్ని దరఖాస్తు చేసే ముందు ఒకసారి స్వయంగా చదవండి, పక్కింటివారి మాట మీద ఆధారపడవద్దు.

స్థానికత విషయంలో మీ భయానికి కొంత కారణం ఉంది, దానికి పరిష్కారమూ ఉంది. ఇంజనీరింగు కౌన్సెలింగులో ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, బడికి వెళ్లని పిల్ల దగ్గర అవి ఉండవు. అయితే 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోనే దీనికి దారి ఉంది. అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్ల కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవని అభ్యర్థి, ఆ నాలుగేళ్లూ స్థానిక ప్రాంతంలో నివసించినట్టు చూపితే స్థానిక అభ్యర్థే అవుతారు. తెనాలి, గుంటూరు, విజయవాడ మూడూ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తాయి. కాబట్టి మీ వార్డు సచివాలయంలో నివాస ధ్రువపత్రానికి దరఖాస్తు చేసి, తహసీల్దారు జారీ చేసిన పత్రాన్ని భద్రపరచండి. దానితో పాటు చివరిగా చదివిన బడి టీసీ, ఆధార్, ఇంటి పన్ను రసీదులు, సార్వత్రిక విద్యాపీఠం ఇచ్చిన నమోదు పత్రం, హాల్ టికెట్లు అన్నీ ఒకే ఫైలులో ఉండాలి. టీసీ ఇంతవరకు తెచ్చుకోకపోతే వచ్చే వారమే వెళ్లి తెచ్చుకోండి, ఏళ్లు గడిచేకొద్దీ పాత రిజిస్టర్లు వెతికించడం కష్టమవుతుంది. అందులో పుట్టిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు ఆధార్‌తో సరిపోయాయో లేదో బడి గడప దిగకముందే చూసుకోండి.